మాయాబజారు శిల్పి – కె.వి. రెడ్డి

ఉద్దేశం

కల్పనాశక్తి ఉన్నవారు చాలామంది ఉంటారు. ఆ కల్పనను కొలిచి, తూచి, క్రమశిక్షణతో రూపం కట్టించగలవారు అరుదు. అటువంటి అరుదైన కళాకారుని జీవితాన్ని, ఆయన చూసిన ఎత్తుపల్లాలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

అనంతపురం పేరు వినగానే ఎవరికైనా మొదట స్ఫురించేది కరువు. నైరుతి ఋతుపవనాలను పశ్చిమ కనుమలు అడ్డుకొంటాయి. బంగాళాఖాతం మీదుగా వచ్చే వానలు ఇంత దూరం చేరేసరికి సన్నగిల్లిపోతాయి. అందువల్ల ఈ పీఠభూమిలో ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. దేశంలో తక్కువ వాన పడే జిల్లాలలో ఇది ఒకటి. ఇక్కడి సేద్యగానికి ముందుచూపు అలంకారం కాదు, అవసరం. వాన ఏనాడు వస్తుందో తెలియదు కనుక అది వచ్చేనాటికే విత్తనం, గొర్రు, ఎద్దులు, మనుషులు సిద్ధంగా ఉండాలి. పదును ఆరిపోయిన తరువాత ఎంత శ్రమించినా ఫలితం ఉండదు.

ఈ మెట్టనేల నుండి వెళ్లిన ఒక మనిషి తెలుగు ప్రేక్షకులకు ద్వారకానగరపు వెన్నెలను, పాతాళలోకపు గుహలను, మాయాపెండ్లి విందును చూపించారు. ఆయన కదిరి వెంకటరెడ్డి. చలనచిత్రలోకం ఆయనను కె.వి. రెడ్డి అని పిలిచింది. 1943 మొదలు 1971 వరకు ఇరవై ఎనిమిది సంవత్సరాలలో ఆయన దర్శకత్వం వహించిన తెలుగు చిత్రాలు పద్నాలుగు మాత్రమే. సంఖ్య స్వల్పమే కాని, వాటిలో సగానికి పైగా నేటికీ ప్రజల నాలుకల మీద నిలిచి ఉన్నాయి.

కె.వి. రెడ్డి 1912 జూలై 1వ తేదీన అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. పెన్నానది ఒడ్డున ఉన్న ఈ పట్టణం విజయనగర కాలపు శిల్పకళకు ఆటపట్టు. బుగ్గ రామలింగేశ్వరాలయ గోపురాలు, చింతల వెంకటరమణస్వామి ఆలయ మంటపాలు రాతిలో అల్లిన కథల వలె ఉంటాయి. నాటకరంగంలో జగద్విఖ్యాతి పొందిన బళ్లారి రాఘవ పుట్టినది కూడా ఈ ఊరిలోనే. కదిరి అన్న ఇంటిపేరు ఈ సీమలోని మరొక ప్రసిద్ధ పట్టణాన్ని తలపిస్తుంది. ఆ కదిరి ప్రాంతంలోని కటారుపల్లెలోనే వేమనయోగి సమాధి ఉన్నది. ఆ యోగి కథనే ఈ తాడిపత్రివాసి ఒకనాడు వెండితెర మీదికి తేవడం విశేషం.

తాడిపత్రి మీదుగా మద్రాసుకు రైలుమార్గం ఉన్నది. ఆనాటి రాయలసీమ యువకులు ఎందరికో ఉన్నతవిద్యకైనా, ఉద్యోగానికైనా ఆ మహానగరమే గమ్యం. వెంకటరెడ్డి కూడా మద్రాసు వెళ్లి ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదివి పట్టభద్రులయ్యారు. కాంతి, కటకం, కాలం, వేగం అన్నవి ఆయన తరగతిగదిలో నేర్చుకొన్న పాఠాలు. చలనచిత్రకళకు పునాదులు కూడా అవే.

అయితే ఆయన చిత్రరంగంలో ప్రవేశించినది కళాకారునిగా కాదు, లెక్కలు చూసే ఉద్యోగిగా. తాడిపత్రికి చెందిన ఆయన బాల్యమిత్రుడు మూలా నారాయణస్వామి సంపన్న వర్తకుడు. బి.ఎన్. రెడ్డితో కలిసి వాహినీ సంస్థను నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ పరిచయంతో వెంకటరెడ్డి మొదట క్యాషియరుగా, పిదప వాహినీ వారి వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941) చిత్రాలకు ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశారు. ఏ దృశ్యానికి ఎన్ని రోజులు పట్టింది, ఎంత ఫిలిం ఖర్చయింది, ఎక్కడ వృథా జరిగింది అన్న వివరాలు నమోదు చేయడం ఆ పనిలో భాగం. చాలామంది దర్శకులకు విసుగు పుట్టించే ఆ చిట్టా ఆవర్జాలే ఆయనకు సినిమా పాఠశాల అయినవి.

దర్శకత్వం చేపట్టాలన్న ఆయన కోరికకు అండగా నిలిచినది నారాయణస్వామి స్నేహమే. క్యాషియరు దర్శకుడు కాగలడా అన్న అనుమానం నలుగురిలోనూ సహజంగా ఉండే రోజులవి. ఆ అనుమానానికి జవాబుగా వచ్చిన చిత్రం భక్త పోతన. రెండవ ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలమది. 1942లో జపాను బాంబులు పడతాయన్న భయంతో మద్రాసు ప్రజలు వేలాదిగా నగరం విడిచి వెళ్లారు. విదేశాల నుండి రావలసిన ముడిఫిలింకు కరువు వచ్చింది. యుద్ధకాలంలోనే ప్రభుత్వం చిత్రాల నిడివిని 11,000 అడుగులకు పరిమితం చేసింది. తెర మీద నిమిషానికి 90 అడుగుల ఫిలిం పరుగెత్తుతుంది. ఆ లెక్కన చిత్రమంతా సుమారు రెండు గంటలలో ముగియవలసినదే. అడుగడుగూ లెక్కించవలసిన అటువంటి కాలంలో లెక్క తెలిసిన వ్యక్తి దర్శకుడు కావడం యాదృచ్ఛికమైనా, అదృష్టమే.

1943 జనవరిలో విడుదలైన భక్త పోతన ఘనవిజయం సాధించింది. పోతనగా చిత్తూరు నాగయ్య, శ్రీనాథునిగా జంధ్యాల గౌరీనాథశాస్త్రి నటించారు. రాజాశ్రయాన్ని కాదని హలం పట్టిన కవి, రాజసభలలో వెలుగొందిన కవి, ఈ ఇద్దరి జీవనదృక్పథాల మధ్య ఉన్న ఘర్షణే ఆ చిత్రానికి ప్రాణం. ఆ తరువాత 1947లో యోగి వేమన వచ్చింది. భోగలాలస నుండి విరక్తి వరకు ఒక మనిషి చేసిన అంతర్యాత్రను ఇందులోనూ నాగయ్య అద్భుతంగా అభినయించారు. విమర్శకులు ఈ చిత్రాన్ని ప్రశంసించారు గాని, ధనం మాత్రం ఆశించినంతగా రాలేదు. ఈ అనుభవం కె.వి. రెడ్డిని ఆలోచింపజేసింది అనుకోవడానికి తరువాతి చిత్రమే ఆధారం. 1949లో వచ్చిన గుణసుందరి కథలో ఆయన షేక్స్‌పియరు రాసిన లియర్ రాజు నాటకంలోని ముగ్గురు కూతుళ్ల ఇతివృత్తాన్ని తీసుకొని, దానికి మన జానపద కథల దుస్తులు తొడిగారు. పరాయి దేశపు కథ అని ఏ పల్లెటూరి ప్రేక్షకునికీ అనిపించలేదు. హాస్యనటుడు కస్తూరి శివరావును కథానాయకునిగా నిలపడం ఆనాటికి సాహసమే. ప్రేక్షకులు ఆ సాహసాన్ని ఆదరించారు.

ఈ దశలోనే ఆయన చుట్టూ ఒక అపూర్వమైన బృందం ఏర్పడింది. మాటలకు, పాటలకు పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణానికి మార్కస్ బార్ట్‌లీ, సంగీతానికి ఘంటసాల వేంకటేశ్వరరావు, కళాదర్శకత్వానికి మాధవపెద్ది గోఖలే, కళాధర్, చర్చలకు పత్రికారంగం నుండి వచ్చిన మిత్రుడు కమలాకర కామేశ్వరరావు ఆయనకు తోడైనారు. నాగిరెడ్డి, చక్రపాణి నెలకొల్పిన విజయా సంస్థ ఈ బృందానికి నీడనిచ్చింది. కె.వి. రెడ్డి గొప్పతనం ఒంటరి ప్రతిభలో కంటె, ఇందరి ప్రతిభను ఒక్క తాటి మీద నడిపించడంలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఆయన పనితీరును ప్రత్యేకంగా తెలుసుకోవలసి ఉన్నది. కథ ఎంపికైన తరువాత నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా, రచయితలతో కూర్చొని స్క్రీన్‌ప్లే సిద్ధం చేయించేవారు. కథను దృశ్యాలుగా విభజించి, ఏది ముందు, ఏది వెనుక, ఏది తెర మీద చూపాలి, ఏది చూపకుండా సూచించాలి అని నిర్ణయించే రచనే స్క్రీన్‌ప్లే. ఒకసారి ఖరారైన తరువాత చిత్రీకరణ స్థలంలో ఒక్క మాట మార్చడానికి కూడా ఆయన అంగీకరించేవారు కారు. మార్పులన్నీ కాగితం మీదనే జరగాలి, ఫిలిం మీద కాదు అన్నది ఆయన నియమం. నటీనటుల చేత సంభాషణలను ముందుగానే చదివించి, స్టాప్‌వాచీతో కాలం కొలిచేవారు. ఏ దృశ్యం ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు నడవాలో చిత్రీకరణకు ముందే ఆయన పుస్తకంలో రాసి ఉండేది. నిమిషానికి 90 అడుగుల లెక్క ప్రకారం చిత్రం మొత్తం పొడవు కూడా ముందే తెలిసిపోయేది. తీసిన తరువాత కత్తిరించి పారవేయడం కంటె, తీయకముందే వడపోయడం మేలు కదా! వాన రాకముందే గొర్రు సిద్ధం చేసుకొనే రైతుకు ఈ పద్ధతిని ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతికి తొలి మహాఫలం 1951 మార్చిలో విడుదలైన పాతాళభైరవి. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల నుండి ప్రేరణ పొందిన ఈ జానపద చిత్రంలో తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమిస్తాడు, మాంత్రికుని మాయలను తెగువతో జయిస్తాడు. తోటరాముడుగా ఎన్.టి. రామారావు, నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావు ఈ ఒక్క చిత్రంతో అగ్రశ్రేణి నటులైనారు. తెలుగుతోపాటు తమిళంలోనూ వెలువడిన ఈ చిత్రం హిందీ ప్రేక్షకుల వద్దకు కూడా చేరింది. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలోనూ ప్రదర్శితమైంది.

కె.వి. రెడ్డిని కేవలం మాయలు, మంత్రాల దర్శకుడని భావించడం పొరపాటు. 1954లో వాహినీ పక్షాన తీసిన పెద్దమనుషులు చిత్రం అందుకు సాక్ష్యం. నార్వే నాటకకర్త ఇబ్సెన్ ఇతివృత్తం నుండి స్ఫూర్తి పొందిన ఈ చిత్రంలో ఒక పట్టణ మునిసిపల్ ఛైర్మన్, అతని అనుచరులు ప్రజాసేవ ముసుగులో సాగించే దురాగతాలను నిర్భయంగా చూపారు. స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్లు నిండకముందే, మొదటి సార్వత్రిక ఎన్నికలు ముగిసి రెండేళ్లు గడిచిన వేళ, స్థానిక పాలనలోని అవినీతిని ఇంత సూటిగా ప్రశ్నించడం మామూలు విషయం కాదు. భక్త పోతనలో శ్రీనాథుడైన గౌరీనాథశాస్త్రే ఇందులో పెద్దమనిషి వేషంలోని దుర్మార్గుడు. డి.వి. నరసరాజు ఈ చిత్రంతోనే సినీరచయితగా పరిచయమయ్యారు. ఉత్తమ తెలుగు చిత్రంగా పెద్దమనుషులు రాష్ట్రపతి రజతపతకాన్ని పొందింది. మరుసటి ఏడాది అన్నపూర్ణా సంస్థ తన తొలి చిత్రానికి దర్శకునిగా కె.వి. రెడ్డే కావాలని, ఆయనకు తీరిక దొరికేవరకు వేచి ఉండి దొంగరాముడు నిర్మించింది. అక్కినేని నాగేశ్వరరావు అన్నగా, జమున చెల్లెలుగా నటించిన ఈ చిత్రం బిగువైన కథనానికి ఉదాహరణగా నిలిచింది.

1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్ ఆయన కీర్తికి శిఖరం. శశిరేఖా పరిణయం కథ వ్యాసభారతంలో లేదు. జనం నోట పెరిగి, నాటకాలుగా ఆడి, 1936లోనే ఒకసారి తెలుగు తెర మీదికి వచ్చిన కథ అది. అందరికీ తెలిసిన కథను మళ్లీ కొత్తగా చెప్పడమే దర్శకునికి పరీక్ష. దీనికి కె.వి. రెడ్డి అనుసరించిన మార్గం గమనించదగినది. పాండవుల ఇంటి పెండ్లి కథ ఇది, కాని చిత్రంలో ఎక్కడా పాండవులు కనిపించరు. జూదం, ద్రౌపదీ పరాభవం వంటి ఘట్టాలను ద్వారకలోని కృష్ణుని ముఖభావాల ద్వారా మాత్రమే సూచించారు. భారతయుద్ధపు బరువును పక్కకు నెట్టి, మేనరికపు సంబంధం చుట్టూ తిరిగే ఒక తెలుగింటి కథగా దానిని మలచారు. సంపద ఉన్నవారికి పిల్లనిచ్చి, సంపద పోయిన చుట్టాలను దూరం చేసుకొనే మనుషుల నైజం అందులో ఉన్నది. అందుకే అది దేవతల కథ అయినా మన వీధిలోని కథ వలె తోస్తుంది.

ఈ చిత్రంలోని సాంకేతిక విన్యాసాలు కంప్యూటర్ల సహాయంతో చేసినవి కావు. కెమెరాను కదలకుండా నిలిపి, ఒక వస్తువును చిత్రీకరించి, ఆపి, ఆ వస్తువును తొలగించి తిరిగి చిత్రీకరిస్తే తెర మీద అది మాయమైనట్లు కనిపిస్తుంది. ఫిలింలో కొంత భాగాన్ని కప్పి ఒకసారి, మిగిలిన భాగాన్ని కప్పి మరొకసారి చిత్రీకరిస్తే ఒకే నటుడు రెండు రూపాలలో దర్శనమిస్తాడు. దీపాలు వెలిగే చిన్న చిన్న నమూనా ఇండ్లతో మహానగరం కట్టవచ్చు. ఈ కిటుకులన్నిటికీ ఆధారం కచ్చితమైన కొలత. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మాయ భగ్నమవుతుంది. భౌతికశాస్త్రం చదివిన దర్శకునికి, కాంతిని వశం చేసుకొన్న బార్ట్‌లీకి ఇక్కడ చక్కని పొత్తు కుదిరింది. పగటివేళ దీపాల నడుమ వారు సృష్టించిన వెన్నెలను ప్రేక్షకులు నిజమైన వెన్నెలగానే స్వీకరించారు. దూరాన ఉన్న ఆత్మీయులను చూపించే ప్రియదర్శిని అనే పేటిక ఆనాడు ఒక ముచ్చటైన కల్పన. సెల్‌ఫోనులో ముఖాలు చూసుకొంటూ మాట్లాడుకొనే నేటి యువతరానికి అది నిత్యానుభవం.

చిత్రానికి ఆటంకాలు లేకపోలేదు. ఖర్చు పెరుగుతున్నదని నిర్మాతలు ఒక దశలో వెనుకాడినట్లు, పంపిణీదారుల ప్రోత్సాహంతో పని తిరిగి సాగినట్లు చెబుతారు. మునుపు ఒక చిత్రంలో కృష్ణుని వేషం రక్తికట్టలేదన్న శంకతో ఎన్.టి. రామారావు ఈ పాత్రకు తటపటాయించగా, కె.వి. రెడ్డి ఆయనకు ధైర్యం చెప్పి ఒప్పించారు. ఆ తరువాత తెలుగువారికి కృష్ణుడంటే రామారావు రూపమే గుర్తుకు రావడం చరిత్ర. ఘటోత్కచునిగా ఎస్.వి. రంగారావు, శశిరేఖగాను, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచునిగాను సావిత్రి చూపిన ప్రతిభ నటనకు పాఠ్యగ్రంథం వంటిది.

1958లో తీసిన పెళ్లినాటి ప్రమాణాలు భార్యాభర్తల నడుమ విశ్వాసాన్ని చర్చించి, ఆయనకు మరొక రాష్ట్రపతి రజతపతకాన్ని తెచ్చింది. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో ఒకే నటుడు గాయకునిగా, పలువురు వాద్యకారులుగా ఒకే తెర మీద కనిపించే ఘట్టం కొలతల కళకు మరొక నిదర్శనం. 1963లో స్వయంగా నిర్మించిన శ్రీకృష్ణార్జున యుద్ధములో రామారావు, నాగేశ్వరరావులను కృష్ణార్జునులుగా ఎదురెదురు నిలిపారు.

ఆ తరువాత కాలం ఎదురు తిరిగింది. 1965లో తీసిన సత్యహరిశ్చంద్ర ప్రజాదరణ పొందలేదు. అదే కథ అదే ఏడాది కన్నడంలో రాజ్‌కుమార్ కథానాయకునిగా ఘనవిజయం సాధించడం విధివైచిత్రి. 1968లో వచ్చిన ఉమా చండీ గౌరీ శంకరుల కథ, భాగ్యచక్రం కూడా నిరాశనే మిగిల్చాయి. పద్ధతి మారలేదు, శ్రద్ధ తగ్గలేదు, మరి ఓటమి ఎందుకు వచ్చింది? 1963లో లవకుశతో తెలుగు చిత్రానికి రంగులు వచ్చాయి. జానపద చిత్రాలు తక్కువ ఖర్చుతో, తక్కువ రోజులలో తయారై వరుసగా వచ్చి పడుతున్నాయి. ఒకప్పుడు ఏడాది తపస్సుతో కలిగించిన ఆశ్చర్యం నెలకొకసారి చౌకగా దొరకసాగింది. ప్రేక్షకుల అభిరుచి వేగంగా మారుతున్నది. స్టాప్‌వాచీ దృశ్యపు నిడివిని కొలవగలదు గాని, మారుతున్న కాలాన్ని కొలవలేదు. ఇది ఆయన శక్తికి లోపమని అనలేము. అయితే ఎంతటి ప్రణాళికకైనా ఒక హద్దు ఉంటుందన్న సత్యాన్ని ఆయన చివరి సంవత్సరాలు మనకు చెబుతాయి. అదను చూసి విత్తిన చేనుకు కూడా వాన మొగం చాటేసే సంవత్సరాలు ఉంటాయి.

అయినా ఆయన పని మానలేదు. 1971 మే నెలలో చిరకాల సహచరుడు పింగళి నాగేంద్రరావు కన్నుమూశారు. ఆ ఏడాది చివరలో రామారావు, జయలలిత నటించిన శ్రీకృష్ణసత్య విడుదలై, వరుస పరాజయాల తరువాత కె.వి. రెడ్డికి ఊరటనిచ్చింది. అదే ఆయన చివరి చిత్రం. 1972 సెప్టెంబరు 15న, అరవయ్యేళ్ల వయస్సులో, ఆయన పరమపదించారు.

ఆయన మరణంతో ఆ పద్ధతి అంతరించలేదు. మాయాబజార్‌కు సహాయకునిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు తరువాతి కాలంలో మాటలే లేని పుష్పక విమానం (1987), కాలయంత్రం కథతో ఆదిత్య 369 (1991) తీసి, గురువు నేర్పిన ప్రణాళికాబద్ధమైన ప్రయోగాన్ని కొనసాగించారు. 2010 జనవరిలో మాయాబజార్ కంప్యూటర్ సహాయంతో రంగులద్దుకొని మళ్లీ విడుదలైంది. భారతీయ సినిమాకు నూరేళ్లు నిండిన 2013లో ఒక జాతీయ వార్తాఛానలు నిర్వహించిన అభిప్రాయ సేకరణలో భారతీయ చిత్రాలలో అత్యుత్తమమైనదిగా ప్రేక్షకులు దానినే ఎన్నుకొన్నారు. విడుదలైన అర్ధశతాబ్దం తరువాత కూడా ఒక చిత్రం ఇలా నిలబడిందంటే, దాని వెనుక ఉన్న నెలల కొలది శ్రమ వృథా కాలేదని అర్థం.

తాడిపత్రి శిల్పి రాతిని చెక్కేముందు గీత గీసుకొన్నాడు. గీత తప్పితే రాయి పాడవుతుంది, పోయిన రాయి తిరిగి రాదు. అదే ఊరిలో పుట్టిన కె.వి. రెడ్డి కాంతిని, కాలాన్ని అంతే జాగ్రత్తగా చెక్కారు. గెలిచిన చిత్రాలలోనూ ఓడిన చిత్రాలలోనూ ఆ జాగ్రత్త ఒక్క తీరుగానే ఉన్నది. జయాపజయాలు ఆయన చేతిలో లేవు. పనిలోని నిజాయితీ మాత్రం కడదాకా ఆయన చేతిలోనే ఉన్నది.

అభ్యాసం

1. కె.వి. రెడ్డి చేసిన తొలి ఉద్యోగాలు ఆయన దర్శకత్వానికి ఏ విధంగా ఉపకరించాయి?
2. యుద్ధకాలపు పరిస్థితులు చిత్రనిర్మాణాన్ని ఎలా ప్రభావితం చేశాయి?
3. మాయాబజార్ కథనంలో పాండవులను చూపకపోవడం వల్ల కలిగిన ప్రయోజనమేమి?
4. పెద్దమనుషులు చిత్రం ప్రత్యేకతను వివరించండి.
5. ప్రణాళికకు కూడా హద్దు ఉంటుందన్న అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా చర్చించి, మీ అనుభవంతో పోల్చి రాయండి.